మిద్దె జరిపిన మధ్యాహ్నం

నూటికి ముప్పై ఒకటి. టీ గ్లాసు కడిగి వచ్చేసరికి ముప్పై ఒకటే, కూచుని తలగుడ్డ కొసతో మెడ తుడుచుకునేసరికి కూడా ముప్పై ఒకటే. నీలం తెర మీద తెల్ల గీత ఒకటి నత్తలాగ పాకుతోంది, దాని కింద అంకె, అంకె కింద ఇంకా గంటా నాలుగు నిమిషాలు అని ఒక మాట, అన్నిటికన్నా అడుగున ఎర్ర అక్షరాలతో, పని అయ్యేదాకా కరెంటు తీయరాదు అని. తీయరాదట. ఎవడో మహానుభావుడు రాశాడు, కరెంటంటే మనం వేస్తే వస్తుందీ మనం తీస్తే పోతుందీ అనుకునే దేశంలో కూచుని. ఒక్క జులై నెల బాగ్దాదులో కాపురం చేసుంటే ఆ మాట రాసేవాడు కాదు. సుందుస్‌కి నవ్వు రాబోయింది, రాలేదు, పెదవి దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే గంటా నాలుగు నిమిషాలు కాస్తా గంటా పదకొండు అయింది. ఇదొకటి. ముందుకి పోవాల్సింది వెనక్కి పోతుంది. పెట్టె లోపల డిస్కు గరగరమంటోంది, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. గరగరమను నాయనా, ఆగకుండా గరగరమను, నువ్వు ఆగితే నాకు భయం.

ఎనభై గిగాల డిస్కు అది. కొన్న రోజునే నిజార్ దాన్ని రెండు ముక్కలు చేశాడు. చిన్న ముక్క పది, దాన్ని సీ అన్నాడు, పెద్ద ముక్క డెబ్భై, డీ అన్నాడు, ఊరంతా అలాగే అంటుంది. కానీ ఆయన అంతటితో ఊరుకునే మనిషా, సీకి ఇల్లు అని పేరు పెట్టాడు, డీకి మిద్దె అని పెట్టాడు. విండోసూ దాని సరంజామా, సుందుస్ టైపు ప్రోగ్రామూ ఇంట్లో ఉంటాయి, మిగతా సామానంతా మిద్దె మీదకి. అదేంటి, ఇల్లు ఇంత ఇరుకూ మిద్దె అంత విశాలమూనా అంటే, ఇంట్లో ఉండేది మనిద్దరమూ అమ్మానే కదా, మిద్దె మీద పడుకోడానికి రేపు ఎంతమంది వస్తారో ఎవరికి తెలుసు, వాళ్ల ఫొటోలకి జాగా వద్దా, అన్నాడు. అప్పటికి పెళ్లయి ఆరేళ్లు. పిల్లలు లేని మగాణ్ణి వీధిలో అబూ గాయిబ్ అని పిలుస్తారు, రాని బిడ్డకి తండ్రీ అని, ఎగతాళిగా కాదు, మర్యాదగానే, ఏదో ఒక తండ్రితనం తగిలించాలి కదా మనిషికి. అబూ గాయిబ్, నా రేడియో చూడు. అబూ గాయిబ్, మా పిల్లాడి కంప్యూటరు లేవట్లేదు. ఆయన నవ్వుతూ పలికేవాడు. సుందుస్ మాత్రం ఆ పేరు వినపడ్డప్పుడల్లా వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ పేరుకి నవ్వేవాడే రాలేదు, ఏడేళ్లయింది, రాని బిడ్డ సంగతి అలా ఉంచి.

ముప్పై నాలుగు. అబ్బా, మూడు పెరిగింది.

ఇల్లు నిండిపోయింది. పది గిగాలు ఏ మూలకి, పన్నెండేళ్ల విండోసు, యూనివర్సిటీ పిల్లల థీసిసులు టైపు చేసే ఆ పాత ప్రోగ్రాము, దాని అక్షరాలు, అది తాత్కాలికంగా రాసుకునే చెత్తంతా. ప్రోగ్రాము సీడీ నిజార్ రిపేరు దుకాణంతో పాటే పోయింది, ఇంకో చోట దొరకదు, అరబ్బీ అక్షరాల్లో ఆ అలిఫ్ వంపు, ఆ నూన్ బొజ్జ వేరే దేంట్లోనూ రావు, ప్రొఫెసర్లు చూడగానే సుందుస్ చేతి పని అని పోల్చుకుంటారు. ఈ మధ్య మెషీను లేవడానికి అరగంట పడుతోంది. పోయిన వారంలో మూడుసార్లు మొహం నీలంగా పెట్టి పడిపోయింది. ఎవరికి చెప్పినా ఒకటే మంత్రం, ఫార్మాట్ కొట్టించు. మెషీను వేడెక్కిందా, ఫార్మాట్. మౌసు కదలట్లేదా, ఫార్మాట్. ఈ ఊళ్లో తలనొప్పి వచ్చినా ఫార్మాటే చెప్పేట్టున్నారు. సీ తుడిచేసి విండోసు కొత్తది వేస్తే చాలు, డీ జోలికి ఎవరూ పోరు, అరగంటలో పెళ్లికూతురిలా తయారవుతుంది అని నిజార్ వాళ్ల అన్న కూడా ఫోన్‌లో చెప్పాడు. ఆయన అసలు సంగతి వేరే. ఆయన చెప్పేదాంట్లో ఫార్మాట్ మొదటి మాట, రెండో మాట కోర్టు. నాలుగేళ్లు దాటిన మనిషిని పోయినట్టు రాయించుకోవచ్చమ్మా, నీ మంచికే చెబుతున్నా, నీకింకా నలభై రెండే. ఫోను పెట్టేశాక ఆ రోజంతా అన్నం సయించలేదు.

మెషీన్ని బజారుకి తీసుకెళ్లడం అయ్యే పని కాదు. మిద్దె మీద ఇంటి ఆడవాళ్ల పెళ్లిళ్ల ఫొటోలున్నాయి, తలగుడ్డల్లేకుండా నవ్వుతున్న ఫొటోలు, బజారు దుకాణాల వాళ్లు కాపీ చేసుకుంటారన్న భయం ఈ ఊళ్లో ఏ ఆడదానికి లేదు కనక. వాటినంటే సీడీల మీదకి ఎక్కించి పెట్టుకుంది. ఎక్కించలేనివి పదకొండు. మిద్దె మీద నిజార్ అని ఒక ఫోల్డరు, అందులో పదకొండు ఫైళ్లు, వాటి పేర్లు నల్లగా కాకుండా పచ్చగా ఉంటాయి. ముట్టుకుంటే, అనుమతి లేదు అంటుంది. కాపీ చేయబోతే, అనుమతి లేదు. తన మెషీను, తన ఇల్లు, తన మొగుడు, అనుమతి మాత్రం లేదు. ఆ పచ్చ రంగు సంగతి చెప్పింది ఇంటర్నెట్టులో ఒక మొరాకో ఆయన. సుందుస్ అక్కడ బాతు అని పేరు పెట్టుకుని అడిగింది, మెషీను లేవగానే కనిపించే రెండు పేర్లలో తన పేరు పక్కన నిజార్ పెట్టిన బొమ్మ పసుపుపచ్చ బాతే కాబట్టి. తనకి మాత్రం చదరంగం బంటు పెట్టుకున్నాడు, పెద్ద మేధావి. మొరాకో ఆయన రాశాడు, బాతు సోదరా, పచ్చ పేర్లంటే తాళం వేసినవి, ఆ తాళంచెవి సీలోని ఈ విండోసులో, ఆ మనిషి పాస్‌వర్డు వెనకాల ఉంది. విండోసు తుడిచి కొత్తది వేశావో, రేపు ఆ మనిషే వచ్చి అదే పాస్‌వర్డు కొట్టినా అవి తెరుచుకోవు, ఎప్పటికీ. ఎప్పటికీ అన్న మాట కింద గీత కూడా గీశాడు.

ఆ మనిషే వచ్చినా. దాని మీదే కదా అంతా. ఫార్మాట్ కొట్టించడమంటే సుందుస్ తన వేలితో మీట నొక్కి, ఈ మనిషి రాడు అని ఒప్పుకోవడం. కోర్టులో సంతకం పెట్టడం ఎంతో ఇదీ అంతే. అన్నగారికి తెలీక రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పాడు గానీ, రెండూ ఒకటే పని.

అందుకే ఈ తంటా. సీని తుడవకుండా పెద్దది చెయ్యాలి. సీ పక్కనే డీ మొదలవుతుంది కాబట్టి డీని అంతా, దాని మీదున్న సామానుతో సహా, అవతలికి జరపాలి. ముందు మిద్దెలో పాతిక గిగాలు ఖాళీ తగ్గించి, మిగిలినదాన్ని గడియారం ముల్లంత మెల్లిగా కుడివైపుకి లాగి, వచ్చిన సందుని ఇంటికి కలపాలి. మొరాకో ఆయన వరసగా రాసిచ్చాడు, సుందుస్ అచ్చు వేసుకుని గోడకి అంటించుకుంది, సీడీ కూడా సంపాదించింది. ఒకటి మాత్రం గుర్తుంచుకో బాతు సోదరా, జరుపుతుండగా కరెంటు పోతే సగం సామాను పాత చోటా సగం కొత్త చోటా ఉండిపోతుంది, ఇక ఏదీ దొరకదు, ముందు ఇంకో డిస్కులోకి అద్దంలా దింపి పెట్టుకో. దింపుదామంటే ఈ వెడల్పు కేబులు డిస్కులు బజార్లో ఆగిపోయి ఎన్నాళ్లో అయింది, నెల రోజులు వెతికింది. మెషీను చూస్తే రోజు విడిచి రోజు పడిపోతోంది. ఇవాళ కాకపోతే రేపు అసలు లేవదు. లేవకపోతే తాళంచెవి దానంతటదే పోయినట్టు. సరే, బిస్మిల్లా అని మధ్యాహ్నం రెండున్నరకి మీట నొక్కింది.

నలభై నాలుగు. యాభై ఒక్క నిమిషాలు.

ఇప్పుడు నడుస్తున్నది జనరేటరు కరెంటు. వీధి మొగలో జాసిమ్ జనరేటరు, దాన్నుంచి కాకిగూడులా తీగలు, ఇంటింటికీ ఒక తీగ. ఫ్రిజ్ తీసేసింది, కూలరు తీసేసింది, తన తీగలో వచ్చే మూడు ఆంపియర్లూ ఈ పెట్టెకే. సర్కారు కరెంటు ఒంటిగంటకి పోయింది, వరస ప్రకారం అయిదింటికి గానీ రాదు. భయం పోవడం గురించి కాదు, అదే చోద్యం. రావడం గురించి. సర్కారుది వచ్చిందంటే హాల్లో గోడ మీద ఎర్ర బల్బు వెలుగుతుంది, దాని కింద చేంజోవర్ మీట, కిందికి ఉంటే జనరేటరు, పైకి ఎత్తితే సర్కారు. కింది నుంచి పైకి వెళ్లే ఆ రెప్పపాటులో ఏ కరెంటూ ఉండదు. పంకాకి తెలీదు, బల్బు కన్ను కొడుతుంది, కంప్యూటరు చచ్చిపోతుంది. దానికి ఊపిరిగా పెట్టిన బ్యాటరీ పెట్టె పోయిన వేసవిలో ఉబ్బి పగిలింది, ఇప్పుడు కాళ్లు పెట్టుకునే పీట అది. మీట ఎత్తకుండా ఊరుకున్నా లాభం లేదు, సర్కారుది రాగానే డీజిలు దండగని జాసిమ్ జనరేటరు ఆపేస్తాడు. ఊరు ఊరంతా సర్కారు కరెంటు రావాలని మొక్కుకుంటుంటే తను రాకూడదని మొక్కుకుంటోంది. దేవుడికి ఇవాళ తన మొక్కు విని తికమకగా ఉండుంటుంది.

హాల్లో హజ్ చేసొచ్చిన హజ్జియా అత్తగారు చాప మీద కూచుని బెండకాయల ముచ్చికలు తీస్తోంది. కళ్లకి పొరలు కమ్మాయి, అయినా కత్తి తప్పదు, వేలు చూసుకుంటుంది కాయని. మొదలుపెట్టేముందే చెప్పింది ఆవిడకి.

"అత్తమ్మా, ఇవాళ అయిదింటి దాకా చేంజోవర్ ముట్టుకోవద్దు."

"ఎందుకట?"

"టైపు పని నడుస్తోంది. మధ్యలో ఆగితే పాడైపోతుంది."

"నీ టైపు పనికి నేను ఉడికిపోవాలన్నమాట. సరేలే, ముట్టుకోను. నన్నేం చంటిపిల్లననుకున్నావా?"

టైపు పని అనే చెప్పింది. నిజార్ పేరు ఎత్తలేదు. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తరు. అత్తా కోడళ్లిద్దరూ మొదటి రెండేళ్లు దాని గురించే మాట్లాడుకున్నారు, తర్వాత ఏదో ఒక రోజు ఇద్దరూ ఒకేసారి మానేశారు, ఎవరు ముందో గుర్తు లేదు. ఆవిడ ఆయన కంచం కడగదు, మార్చదు, అలాగే అలమార్లో ఉంటుంది. సుందుస్ దాని జోలికి పోదు. అంత వరకే.

యాభై. సగం. సగం మిద్దె ఇటూ సగం అటూ. పదకొండు ఫైళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయో, అటు చేరాయో, ఇంకా ఇటే ఉన్నాయో. మిద్దె జరగడం ఏమిటి, నిజంగానే. నిజం మిద్దె పైనే ఉంది, ఎండకి కాలుతూ. వేసవి రాత్రుళ్లు సాయంత్రమే పైకెళ్లి నీళ్లు చల్లేది సుందుస్, మన్ను వాసన లేచేది, ఆవిరి లేచేది, చల్లారాక రెండు మంచాలు, అవతల గోడ పక్కన అత్తగారి మంచం, మధ్యలో దుప్పటి ఆరేసినట్టు వేసిన తెర, కూజా నోటికి గుడ్డ కట్టి పెట్టేది. చుట్టూ ఊరంతా మిద్దెల మీదే, పక్కింటి వాళ్ల దగ్గు వినపడేది, ఎవరో పుచ్చకాయ కోస్తున్న చప్పుడు. గట్టిగా మాట్లాడకూడదు, అందరూ వింటారు. అందుకని నిజార్ చెవి దగ్గర పెదవులు పెట్టి మాట్లాడేవాడు, పనికిమాలిన కబుర్లే, ఇవాళ ఒకడు కీబోర్డులో టీ ఒలకబోసి నా కంప్యూటరు మందు తాగిందన్నాడు లాంటివి, కానీ చెవిలో ఆ వేడి ఊపిరి, ఆ సిగరెట్టు వాసన, నవ్వు ఆపుకుంటే మంచం ఊగడం. ఆ ఊపిరి కావాలి. ఏడేళ్ల తర్వాత కూడా సుందుస్‌కి కావలసింది అంతే, కబుర్లు అక్కర్లేదు, ఎడమ చెవిలో ఆ ఊపిరి ఒక్కసారి. ఇప్పుడు మిద్దె ఎక్కదు. జులైలో కూడా కిందే పడుకుంటుంది, ఊపిరాడకపోయినా సరే.

వెళ్లిన రోజున, వంతెన అవతల ఎవరికో బాగుచేసిన మెషీను ఇచ్చి వస్తానన్నాడు. ఎత్తుకోబోతూ మానిటరు దుప్పట్లో చుట్టమన్నాడు, గీతలు పడతాయని. ఆ దుప్పటి మంచిదని సుందుస్ వేరేది తెచ్చిచ్చింది, చిరుగుది. అదే ఆఖరి పని ఆయనకి తను చేసింది, చిరుగుల దుప్పటి ఇవ్వడం. ఊరు రెండు ముఠాలై చంపుకున్న ఆ ఏడు, వంతెన దాటిన వాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో లెక్కే లేదు. ఆసుపత్రులు తిరిగింది, ఠాణాలు తిరిగింది, శవాగారం కూడా తిరిగింది. అక్కడా ఇలాంటి తెరే. వరసలో నించుంటే ఒక గదిలో కూచోబెట్టి తెర మీద ఫొటోలు చూపించేవాళ్లు, పేరు తెలియని వాళ్లవి, ఒకటి తర్వాత ఒకటి, పోల్చుకుంటే చెప్పమ్మా అని. పోల్చుకోలేదు. ప్రతి మొహానికీ కాదు, కాదు, కాదు అనుకుంటూ, కాదన్నప్పుడల్లా లోపల సంతోషపడుతూ, ఆ సంతోషానికి సిగ్గుపడుతూ, ఎందుకంటే అవతల ఇంకో ఇంట్లో ఎవత్తో ఆ మొహాన్నే వెతుకుతోంది. తొమ్మిది నెలలు వెళ్లింది వారం వారం. తర్వాత ఒక వారం వెళ్లలేదు.

యాభై నాలుగు.

పచ్చ ఫైళ్లు తెరుచుకోవు గానీ పేర్లు కనిపిస్తాయి. అదే చిక్కు. కనిపించకపోయినా బాగుండేది. దుకాణం, ఒకటి. దుకాణం, రెండు. అమ్మ మందులు. పదోది, సుందుస్‌కి. పదకొండోది, సుందుస్‌కి చెప్పకూడదు. ఇలా పెట్టి వెళ్లాడు మారాజు. ఏడేళ్లుగా ఆ రెండు పేర్ల మధ్య పడి నలుగుతోంది తను. సుందుస్‌కి అంటే ఏమిటి, ఉత్తరమా, పాటా, పుట్టినరోజుకి ఏదైనా చేస్తున్నాడా, పనిమాలా కూచుని రాసే మనిషి కాదే. చెప్పకూడనిది ఏమిటి మరి. కొన్ని రోజులు ఇంకో ఆడది అనుకుంది, దానికి ఒక మొహం కూడా ఇచ్చింది, బజార్లో దుకాణం పక్కన కొవ్వొత్తులమ్మే దాని మొహం, పాపం. కొన్ని రోజులు డాక్టరు కాగితాలు అనుకుంది. పిల్లలకోసం ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారు, కాగితాలు తెచ్చింది ఆయనే, నీలో ఏ లోపమూ లేదు, నాలోనూ లేదు, దేవుడి దయ అన్నాడు, కాగితాలు మాత్రం చూపించలేదు. ఎవరిలో ఉందో దాచాడు. తనలో ఉంటే తనకి చెప్పకుండా దాచాడు, ఆయనలో ఉంటే సిగ్గుపడి దాచాడు, ఏదైనా సరే తెలిసుంటే ఈ వంటింట్లోకి పారిపోవడాలన్నీ సగం తగ్గేవి. పాస్‌వర్డుకి తన పేరు కొట్టి చూసింది, పెళ్లిరోజు కొట్టింది, అత్తగారి ఊరు, బాతు, బంటు, ఇల్లు, మిద్దె. కాదు. ఇక ఎక్కువ కొడితే బిగుసుకుపోతుందేమోనని మానేసింది. పాస్‌వర్డు ఆయన వేళ్లల్లో ఉంది. ఆ వేళ్లు ఎక్కడున్నాయో.

యాభై ఎనిమిది, ముప్పై ఆరు నిమిషాలు, ఇక అయిపోయినట్టే, నాలుగు కూడా కాలేదు, అయిదింటికి ఇంకా బోలెడు టైముంది అనుకుని తలెత్తేసరికి హాలు గోడ మీద ఎర్ర బల్బు వెలుగుతోంది.

వరస తప్పి వచ్చింది సర్కారు కరెంటు. గంట ముందు. ఏడేళ్లలో ఒక్కనాడూ వేళకి రాని కరెంటు, ఇవాళ వేళకి ముందు వచ్చింది. వీధిలో ఒక్కసారిగా నీళ్ల మోటార్లు హోరెత్తాయి, ఎవరో ఇంట్లో పిల్లలు వచ్చిందీ వచ్చిందీ అని గెంతుతున్నారు, ఎదురింట్లో బట్టలుతికే మెషీను మొదలయింది. ఆ చప్పుళ్లు విని అత్తగారు కత్తి పక్కన పెట్టింది. మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. గోడ తడుముకుంటూ నడుస్తోంది, చేంజోవర్ వైపు. ఏళ్ల తరబడి ఈ ఇంట్లో మోటార్ల హోరు వినపడగానే ఆవిడ చెయ్యి ఆ మీట మీదకి వెళ్తుంది, ఎవరో తలుపు కొడితే లేచినట్టే, దానికి ఆలోచన అక్కర్లేదు. ఇందాక చెప్పింది మర్చిపోయింది. చంటిపిల్లని కాదంది, మర్చిపోయింది. ఒక అడుగు.

సుందుస్ నోరు తెరిచింది. మాట రాలేదు.

రాలేదని కాదు. రానివ్వలేదు. తన గొంతులో అత్తమ్మా అనే మాట తయారుగా ఉందని తనకి తెలుసు, దాన్ని పట్టుకుని ఆపుతున్నది కూడా తనేనని తెలుసు. రెండో అడుగు. పోనీ. ఆ ముసలి చెయ్యి మీట ఎత్తుతుంది, తెర నల్లబడుతుంది, పదకొండు పేర్లూ పోతాయి. చెప్పకూడనిదీ పోతుంది, చెప్పాల్సిందీ పోతుంది. తను నొక్కలేదు, తను సంతకం పెట్టలేదు, కరెంటు వచ్చింది, అంతే, ఈ ఊళ్లో ఎవరింట్లో జరగదు కనక. తర్వాత ఏడుస్తుంది, తర్వాత ఫార్మాట్ కొట్టిస్తుంది, కొత్త విండోసు అరగంటలో పెళ్లికూతురిలా తయారవుతుంది, ఒకే పేరుతో లేస్తుంది. రాత్రి మిద్దె ఎక్కి పడుకుంటుంది. ఎంత హాయి, మంచం మీద ఒక్కతే వెల్లకిలా పడుకుని, ఎవరి అడుగుల కోసమూ చెవి రిక్కించకుండా. ఏడేళ్లుగా ప్రతి తలుపు చప్పుడుకీ లేచి కూచునే ఈ గుండె ఒక్క రాత్రి కాళ్లు చాపుకుని నిద్రపోతుంది. మూడో అడుగు. అత్తగారి వేళ్లు గోడ మీద మీట కోసం వెతుకుతున్నాయి. ఆ వేళ్లు నిజార్ వేళ్లే, అదే పొడుగు, చూపుడు వేలి కొస కాస్త పక్కకి వంగి.

"అత్తమ్మా, ఆగండి."

చెయ్యి గాలిలో ఆగింది.

"మీట ఎత్తకండి. పెట్టెలో ఉన్నది టైపు పని కాదు. నిజార్‌ది. ఆయన రాసి పెట్టుకున్నవి. ఇప్పుడు కరెంటు మారిందంటే అవి పోతాయి."

ఆవిడ చెయ్యి దించుకుంది. మీట కిందే గోడకి వీపు ఆనించి, మెల్లిగా జారి, నేల మీద కూలబడింది. కూచున్నచోటు నుంచే అంది, "జాసిమ్ ఆపేస్తాడు. వాడికి ఫోన్ చెయ్యి ముందు."

అవును, జాసిమ్. సర్కారుది వచ్చిందంటే వాడు అయిదు నిమిషాలు కూడా ఆగడు. తొందరలో నంబరు రెండుసార్లు తప్పు పడింది. జనరేటరు దడదడ కిటికీలోంచీ వినపడుతోంది, ఫోన్‌లోంచీ వినపడుతోంది, రెండింటికీ మధ్య ఒక అరక్షణం తేడా.

"జాసిమ్ తమ్ముడూ, నేను సుందుస్‌ని."

"చెప్పక్కా. వచ్చింది చూశావా, ఏ మంత్రి కూతురి పెళ్లో ఇవాళ. కూలరు వేసుకుని పడుకో, నేనూ దీన్ని ఆపేసి పడుకుంటా."

"ఆపకు. అరగంట తిప్పు."

"ఏమన్నావు?"

"అరగంట ఆపొద్దంటున్నా. మా తీగకి."

"అక్కా, ఒక తీగకి తిప్పడానికి ఇదేమన్నా కుట్టుమెషీనా? ఊరందరికీ కరెంటుండగా జనరేటరు తిప్పితే జాసిమ్‌కి ఎండ తలకెక్కిందంటారు. నీ కూలరుకేమైంది, అది చెప్పు, వచ్చి చూస్తా."

"కూలరు కాదు. కంప్యూటర్లో నిజార్ సామాను జరుపుతున్నా. మధ్యలో ఆగితే ఇక దొరకదు. ఆయన వచ్చినా దొరకదు."

అనేసింది. ఆయన వచ్చినా, అని, బయట మనిషితో. ఏడేళ్లలో వీధిలో ఎవరితోనూ అనని మాట. ఇప్పుడు వాడు జాలిపడతాడు, ఆ జాలి తను భరించలేదు. అక్కా, దేవుడు నీకు ఓపికనివ్వాలి అంటాడు, అందరూ అనేది అదే.

"నా పెద్ద పానా ఆయన దగ్గరే ఉండిపోయింది," అన్నాడు జాసిమ్. "ఇస్తా ఇస్తా అని ఇవ్వలేదు. వచ్చాక అడగాలి." తర్వాత, "అయ్యాక నువ్వే ఫోన్ చెయ్యి. నేను మీట ముట్టుకోను." పెట్టేశాడు.

సుందుస్ ఫోను ఒళ్లో పెట్టుకుని కూచుంది. అరవై మూడు. కిటికీలోంచి వీధి వాళ్ల కేకలు వినపడుతున్నాయి, ఏరా జాసిమ్, డీజిలు ఊరికే వస్తోందా, సద్దు ఆపరా, చెవులు పోతున్నాయి. జాసిమ్ ఏదో బూతు అన్నాడు, అందరూ నవ్వారు. జనరేటరు మాత్రం తిరుగుతూనే ఉంది. వీధంతా కూలర్లు వేసుకుని చల్లగా ఉంది, ఈ ఒక్క ఇంట్లో ఇద్దరాడవాళ్లు చెమటలు కారుతూ, ఒకతె తెర ముందు, ఒకతె మీట కింద. అత్తగారి పెదవులు కదులుతున్నాయి, జపమో, తిట్టో. డెబ్భై. డెబ్భై ఎనిమిది. నిజార్, నువ్వు గనక ఎక్కడైనా ఉండి ఇది చూస్తుంటే నవ్వుకుంటావు, నీ బాతు ఎలా చేస్తోందో చూడు, నువ్వు నేర్పనివన్నీ నేర్చుకుంది. ఎక్కడైనా ఉంటే. ఎక్కడైనా ఉంటే ఇన్నాళ్లు రాకుండా ఎలా ఉండగలిగావు అని అడుగుతుంది ముందు. కాదు, అడగదు. ఏమీ అడగదు. కూచోబెట్టి పాస్‌వర్డు కొట్టమంటుంది. అదీ కాదు. చెవి ఇస్తుంది, ఎడమ చెవి. ఎనభై తొమ్మిది. డిస్కు గరగర మారింది, సన్నబడింది. తొంభై ఆరు దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఒక్క ఉదుటున నూరు. ఒకటో పని పూర్తి అని వచ్చింది. రెండో పని, సందుని ఇంటికి కలపడం, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మళ్లీ మొదలవమంటారా అని అడిగింది మెషీను. అవును అంది.

తెర నల్లబడింది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత రంగు రంగుల జెండా, దాని కింద కదిలే చుక్కలు, తర్వాత నీలం, ఆ నీలంలో ఒకదాని కింద ఒకటి రెండు పేర్లు. బాతు మీద నొక్కింది. మునుపు అరగంట పట్టేది, ఇప్పుడు గుటక మింగేలోపు లేచింది. ఇంట్లో పాతిక గిగాల జాగా, ఇక పదేళ్లయినా నిండదు. మిద్దె తెరిచింది, ఫోల్డరు తెరిచింది. పదకొండు పేర్లు, పచ్చగా, వరస తప్పకుండా. ఒకదాని మీద నొక్కి చూసింది. అనుమతి లేదు అంది. ఆ మాట చూసి ఇంత సంతోషించే మనిషి ఈ భూమ్మీద ఇంకొకతె ఉండదు.

జాసిమ్‌కి ఫోన్ చేసి, అయిపోయింది తమ్ముడూ, అంది. జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. తెర ఆరింది. ఇప్పుడు ఆరినా ఫరవాలేదు. అంత నిశ్శబ్దంలో మీట కింద నుంచి అత్తగారి గొంతు వచ్చింది.

"ఉన్నాడా?"

"ఉన్నాడత్తమ్మా."

ఆవిడ లేవలేదు, మీట ఎత్తలేదు. సుందుస్ వెళ్లి పక్కన నేల మీద కూచుంది. గోడ కాలుతోంది, వీపుకి తెలుస్తోంది. చెప్పక తప్పదనిపించింది, ఇది కూడా దాచుకుంటే మోయలేదు.

"మీరు లేచినప్పుడు నేను చూశాను. వెంటనే ఆపలేదు. పోతే పోనీ అనుకున్నాను."

"తెలుసు. మూడడుగులు వేశాను కదా, నువ్వు చూస్తున్నావని తెలుసు. కళ్లు కనపడవు గానీ ఆ మాత్రం తెలుస్తుంది."

ఆవిడ బెండకాయ జిగురంటిన చెయ్యి సుందుస్ మోకాలి మీద పెట్టింది. "ఆ పెట్టెలో ఉన్నది టైపు పని కాదనీ నాకు ముందే తెలుసు. నువ్వు పొద్దుట్నించీ వాడు అడుగుపెట్టబోతున్నట్టు తిరుగుతున్నావు. తెలిసే లేచాను. నా చేత్తో పోతే నీకు పాపం అంటదు కదా అని. అటు తర్వాత నీ బతుకు నువ్వు చూసుకుంటావని." ఆ చెయ్యి మోకాలిని ఒకసారి నొక్కింది. "ఆపావు. సరే. ఇక ఇద్దరం కూచుందాం."